పాత సైకిలు: తుప్పు వదలించుట, రూపు నిలుపుకొనుట

మన గ్రామములలో పశువుల కొట్టములందును, ధాన్యపు గదుల మూలలందును, అటకలమీదను తుప్పుపట్టిన పాత సైకిళ్లు నేటికిని కానవచ్చుచున్నవి. ఒకప్పుడవి యింటికి గౌరవమును దెచ్చిన వాహనములు. పెండ్లిలో అల్లునికి సైకిలును, చేతి గడియారమును పెట్టుట గొప్పగా నెంచబడిన దినములు పెద్దల జ్ఞాపకమునందు నిలిచియేయున్నవి. పొలమునకు సద్దిమూట, సంతకు కూరగాయల గంప, పట్టణమునకు పాలబిందెలు, బడికి పిల్లలు, ఇన్నియు దానిమీదనే సాగినవి. మోటారు సైకిళ్లు వచ్చిన పిమ్మట నవి మూలబడినవి.

అట్టి సైకిలును గూర్చి రైతు సాధారణముగా రెండు విధముల నాలోచించును. పాత ఇనుము కొనువాడు వీధిని బోవునపుడు తూకమునకు వేసి, వచ్చినంత తీసికొనుట యొకటి. షాపునకు బంపి, గీకించి, తళతళలాడు క్రొత్త రంగు పూయించి తెచ్చుకొనుట రెండవది. మొదటిదానియందు సైకిలే పోవును. రెండవదానియందు సైకిలు మిగులును గాని, తండ్రి యెక్కిన సైకిలు పోవును. ఈ రెండింటి నడుమ మూడవ మార్గమొకటి గలదు. తుప్పును మాత్రమే వదలించి, అసలు రంగును, గుర్తులను, భాగములను సాధ్యమైనంతవఱకు నిలిపి, సైకిలును భయములేక నడుపదగిన స్థితికి దెచ్చుటయే యా మార్గము. ఇందుకు ధనము కొంచెమే చాలును. ఓపిక మాత్రము విశేషముగా గావలయును.

ఈ పనికంతటికిని మూలసూత్ర మొక్కటియే. తుప్పును నేడు కాకున్న రేపైనను తీయవచ్చును. ఒకసారి గీకివేసిన అసలు రంగును మాత్రము ఎన్నడును మరల తేజాలము. కావున మరల సరిదిద్దుకొన వీలగు పనులను ముందుగాను, వీలులేని పనులను కట్టకడపటను చేయవలయును. పెక్కు సైకిళ్లకు ఆ కడపటి పనుల యవసరమే కలుగదు.

ఈ సైకిళ్లు ఎక్కడివి?

సమానమైన రెండు చక్రములును, వెనుక చక్రమును త్రిప్పు చైనును గల నేటి రూపము ఇంగ్లండులోని కవెంట్రీ పట్టణమున జాన్ కెంప్ స్టార్లీ 1885లో వెలువరించిన రోవరు సైకిలుతో స్థిరపడినది. బెల్‌ఫాస్టు నగరమున పశువైద్యుడుగా నుండిన జాన్ బాయిడ్ డన్‌లప్ 1888లో గాలి టైరును వాడుకలోనికి దెచ్చెను. అటుపిమ్మట నాటింగ్‌హామునుండి రాలీ, బర్మింగ్‌హామునుండి బి.యస్.ఏ., హెర్క్యులీసు మొదలగు సైకిళ్లు ఓడలమీద మన దేశమునకు వచ్చినవి. స్వాతంత్ర్యానంతరము తయారీ యిచ్చటనే విస్తరించినది. మద్రాసు చెంత అంబత్తూరున టి.ఐ. సైకిల్సు 1949లోను, సోనీపట్టున అట్లాసు 1951లోను, లూథియానాలో హీరో సైకిల్సు 1956లోను స్థాపితములైనవి. ఆసన్‌సోలున సేన్-రాలీ కర్మాగారము కొంతకాలము పనిచేసెను. మన పల్లెలలో దొరకు పాత సైకిళ్లలో పెక్కు వీనిలో నేదో యొకదానికి జెందినవే.

ఇవన్నియు నించుమించు నొకే కట్టుబడి గలవి. 28 అంగుళముల చక్రములు, కడ్డీ బ్రేకులు, ముందు చక్రమునకు 32, వెనుక చక్రమునకు 40 స్పోకులు, కాటరు పిన్నులతో బిగించిన క్రాంకులు, స్ప్రింగుల సీటు, ఇవి వాని సామాన్య లక్షణములు. మన దేశపు మామూలు నల్ల సైకిళ్లు నేటివఱకు నా కొలతలనే యనుసరించుటచేత టైర్లు, ట్యూబులు, బ్రేకు రబ్బర్లు, బాల్సు ఇప్పటికిని బజారున దొరకుచున్నవి. పాత సైకిలును బ్రతికించుటకు ఇది గొప్ప సదుపాయము. ఒక్క జాగ్రత్త చెప్పవలసియున్నది. నాటింగ్‌హాము రాలీ సైకిళ్లలో క్రాంకు ఇరుసునకు ఇరువైపుల నుండు కప్పుల మరకు అంగుళమునకు 26 చుట్లు. తక్కినవానికి సామాన్యముగా 24 చుట్లు. బజారు కప్పు దానికి పట్టదు. కావున రాలీ కప్పులు అరిగినట్లు తోచినను పారవేయరాదు.

అసలు రూపమనగా నేమి?

పాత సైకిలుపై కర్మాగారమున వేసిన నల్లని ఎనామెలు మామూలుగా బ్రష్షుతో పూసి ఆరబెట్టినది కాదు. కొలిమిగదిలో వేడిచేసి గట్టిపరచినది. దానిపై సన్నని బంగారు గీతలను పనివారు చేతితో దిద్దెడివారు. హ్యాండిలు క్రింది గొట్టమున కంపెనీ బిళ్లయు, సీటు గొట్టముపై అంటించిన ముద్రయు నుండును. సీటు క్రిందనో, క్రాంకు ఇరుసు గొట్టము క్రిందనో కొట్టిన అంకెలు ఆ సైకిలు యొక్క వరుస సంఖ్య. మూడు వేగముల స్టర్మీ-ఆర్చరు హబ్బు ఉన్నచో దానిపై అచ్చొత్తిన అంకెలు పెక్కుసారులు తయారైన సంవత్సరమును దెలుపును. మెరుగు పెట్టిన భాగములు కొంచెము పసుపువన్నె గలవైనచో అది నికెలు. నీలిచాయ తళుకు గలవైనచో క్రోమియము. సైకిలు వయస్సును ఊహించుటకు ఇవి యెల్ల ఆధారములు.

కంపెనీవి గాని గుర్తులు మరికొన్ని గలవు. మునిసిపాలిటీవారు సైకిళ్లపై పన్ను వసూలుచేసిన దినములలో నిచ్చిన బిళ్ల, చైను కవరుపై పెయింటరుచేత వ్రాయించుకొన్న యజమాని పేరు, పాలబిందెల యొరపిడిచేత క్యారియరుపై నరిగిన చారలు, ఇవి యా యింటి చరిత్ర. కంపెనీ ముద్రకు నకలు దొరకవచ్చును. తాతగారి పేరు వ్రాసిన యా యక్షరములకు నకలు లేదు. క్రొత్త రంగు వేయించుటచేత నశించునవి ముఖ్యముగా నివియే.

తుప్పు స్వభావము

ఇనుము, నీరు, గాలిలోని ప్రాణవాయువు, ఈ మూడును గలిసినపుడు తుప్పు పుట్టును. ఉప్పు తోడైనచో అది త్వరపడును. బందరు, కోనసీమ ప్రాంతముల సముద్రపు గాలిలో సైకిలు పాడగునంత వేగముగా అనంతపురము మెట్టనేలలో పాడు కాకుండుటకు కారణ మిదియే. మన రైతులు గమనింపవలసిన మరియొక విషయము గలదు. ఎరువులలో పెక్కు లవణములే. యూరియా, పొటాషు బస్తాలను మోసిన క్యారియరు, మడ్‌గార్డు వెంటనే కడుగనిచో ఆ పొడి గాలిలోని చెమ్మను బీల్చి ఇనుమును దినివేయును. పులిసిన పాలు ఒలికినచోటను ఇట్లే జరుగును.

తుప్పు మూడు తరగతులుగా నుండును. మొదటిది పైపైని పొడివంటిది; గుడ్డతో రుద్దిన వచ్చును. రెండవది రంగును లేపి, క్రోమియమును పొక్కించి, ఇనుమున చిన్న గుంటలు చేసినది; దీనిని ఆపవచ్చునేగాని గుంటలు పూడవు. మూడవది ఇనుమును లోపలనుండి తినివేసినది. వానలో పడియున్న సైకిలు సీటు గొట్టముగుండ నీరు దిగి, క్రాంకు గూటిలో నిలిచి, బయటికి గానరాకయే గొట్టమును పలుచన చేయును. చూపునకు భయంకరముగా దోచు సైకిళ్లలో పెక్కింటికి మొదటి రెండు తరగతుల తుప్పే యుండును. కావున రంగును జూచి నిరాశ పడరాదు. గొట్టములను జూచి నిర్ణయింపవలయును.

మొదట పరీక్ష

పానా పట్టుటకు ముందు సెల్‌ఫోనుతో నలువైపుల ఛాయాచిత్రములు తీయుడు. ఏ వాషరు ఏ ప్రక్క నున్నదో తెలియుటకు అవియే సాక్ష్యము. పిమ్మట ఫోర్కు పైభాగమును, హ్యాండిలు గొట్టపు అతుకులను, క్రాంకు గూటి చుట్టును శుభ్రముగా దుడిచి, వెలుతురున జూడుడు. వెండ్రుకవంటి చీలిక కనబడిన దానిని నడుపుట మానవలయును. గొట్టములను చిన్న సుత్తితో మెల్లగా తట్టుచు పోయినచో మంచిచోట గంటవలె మ్రోగును. తిన్నచోట బొంగురుగా నుండును. అట్టిదానిని అనుభవశాలియగు మేస్త్రీకి చూపక యెక్కరాదు. ఫోర్కు విరిగిన సైకిలు మనిషిని ముందునకు విసరివేయును. రూపమును కాపాడుట మంచిదే. ప్రాణమును కాపాడుట అంతకంటె ముఖ్యము.

విప్పుట

బిగిసిన నట్లను బలముతో త్రిప్పరాదు. పలుచని మరనూనెను కిరసనాయిలుతో గలిపి నట్ల మొదట బోసి, రెండు మూడు దినములు నానబెట్టుడు. కిరసనాయిలు దొరకనిచోట డీజిలు వాడవచ్చును. నిప్పుతో వేడిచేసిన నట్టు వదలవచ్చును గాని చుట్టునున్న ఎనామెలు కాలిపోవును. ఎడమ పెడలు మరయు, చైనువైపు క్రాంకు కప్పు మరయు ఎదురు మరలని మరువరాదు. వీనిని మామూలు వైపునకే త్రిప్పి చెడగొట్టినవా రనేకులు.

కాటరు పిన్నును తీయుట మెలకువతో గూడిన పని. నట్టును పూర్తిగా తీయక, పిన్ను కొనతో సమముగా నుండునట్లు వదలుడు. క్రాంకు క్రింద గట్టి గొట్టపు ముక్కను నిలువుగా నానించి, పిన్ను ఆ గొట్టములోనికి దిగునట్లుగా ఒక్క గట్టి దెబ్బ వేయవలయును. ఆనిక లేక కొట్టిన దెబ్బలు బాల్సునకును కప్పులకును తగిలి వానిని గుంటలు పెట్టును. పిన్నును నొక్కి తీయు బిగింపు పనిముట్టు దొరకిన అదియే శ్రేష్ఠము.

శుభ్రపరచుట

ఎనామెలుపై గరుకు కాగితమును, తీగ బ్రష్షును ఎంతమాత్రము తాకనీయరాదు. ఇందుకు మరియొక కారణమును గలదు. పాత రంగులలో సీసము కలిసియుండుట కలదు. ఆ పొడి ఊపిరితో లోనికిపోయిన విషము, పిల్లలకు మరింత విషము. మొదట గోరువెచ్చని నీటిలో కొంచెము సబ్బు కలిపి, మెత్తని గుడ్డతో మట్టిని దీసి, తక్షణమే ఆరబెట్టుడు. జిడ్డును కిరసనాయిలు గుడ్డతో దుడువుడు. అంటించిన ముద్రలపైని బంగారు గీతలపైని గట్టిగా రుద్దరాదు. అవి ఎనామెలుకంటె బలహీనములు. ఏ ద్రవము నైనను మొదట కానరానిచోట గోరంత మేర పరీక్షించి పిమ్మట వాడవలయును.

క్రోమియముపై తుప్పునకు సులభోపాయ మొకటి గలదు. ఆహారపదార్థములను చుట్టు పలుచని అల్యూమినియము రేకును ఉండచేసి, నీట దడిపి, మెల్లగా రుద్దినచో తుప్పు వదలును. అల్యూమినియము క్రోమియముకంటె మెత్తనిది గావున గీతలు పడవు. నికెలు మెత్తనిది, దానిపై నూనెతో గూడిన మెత్తని గుడ్డ చాలును.

రంగులేని నట్లు, బోల్టులు, బ్రేకు కడ్డీల వంటి చిన్న భాగములకు మన యింటి చింతపండే మందు. ఇత్తడి బిందెలను తోము పులుపే ఇనుముపై తుప్పును గూడ కరగించును. చింతపండు రసములో కొన్ని గంటలు నానవేసి, నడుమ నడుమ చూచుచు, తుప్పు వదలగనే తీసి, సోడా నీటితో కడిగి, ఎండలో ఆరబెట్టి, వెంటనే నూనె పూయుడు. పులుపు మిగిలినచో తుప్పు మరునాడే తిరిగి పుట్టును. బాల్సును, స్ప్రింగులను, రంగు గల భాగములను పులుపులో వేయరాదు.

ఎనామెలు పోయి ఇనుము బయటపడినచోట్ల పచ్చి అవిసెనూనెను గుడ్డతో మిక్కిలి పలుచగా పూసినచో కొన్ని దినములలో ఆరి గట్టి పొరయగును. నల్లరంగు దిద్దక తప్పనిచో ఆ మచ్చమేరకే దిద్దుడు. ఒక హెచ్చరిక: అవిసెనూనె గుడ్డలను ముద్దచేసి మూలను వేసినచో అవి తమంత తామే వేడెక్కి అంటుకొనును. వానిని విప్పి బయట నారవేయుడు, లేదా నీటిలో ముంచుడు. గడ్డివాములున్న యింట నీ మాట మరువరాదు.

లోపలి భాగములు

సైకిలు తేలికగా నడచుట పై మెరుగువలన గాదు, లోని బాల్సువలన. హబ్బులను, క్రాంకు ఇరుసును విప్పినపుడు క్రింద తెల్లని గుడ్డ పరచి, వచ్చిన బాల్సును లెక్కించి వ్రాసికొనుడు. సామాన్యముగా ముందు హబ్బున ప్రక్కకు 10, వెనుక హబ్బున 9, క్రాంకు ఇరుసున 11 ఉండును. ముందువి అంగుళములో పదునారింట మూడు వంతులు, తక్కినవి పావు అంగుళము కొలతవి. బాల్సు చవుక, అన్నింటిని ఒకేసారి మార్చుట మేలు. కప్పులును కోనులును గుంటలు లేక నున్నగా నున్నచో అసలువే యుంచి, గ్రీజు పెట్టి బిగింపుడు. ఊగులాట యుండరాదు, అట్లని పట్టివేయునట్లును బిగింపరాదు.

ఫ్రీవీలునకు గ్రీజు పనికిరాదు. కిరసనాయిలుతో కడిగి పలుచని మరనూనె వేయవలయును. చైనునకు కొబ్బరినూనెయు, వంటనూనెయు వేయు వాడుక గలదు. అవి కాలక్రమమున జిగురుకట్టి దుమ్మును బట్టును. చైనును కొలుచుట సులభము. 12 అంగుళములకు సరిగా 24 లింకులు రావలయును. అంగుళములో ఎనిమిదవ వంతు సాగినచో మార్చవలయును, లేనిచో పండ్ల చక్రము అరిగిపోవును. అసలు పండ్ల చక్రములపై కంపెనీ గుర్తు చెక్కియుండుట కలదు గావున దానిని కాపాడుటకైనను క్రొత్త చైను వేయుట లాభము.

తోలు సీటు ఎండి బిరుసెక్కినచో నూనెలో ముంచరాదు. తోలు సడలి ఉయ్యాలవలె దిగిపోవును. తోలునకు దగిన మైనపు లేపనమును పలుచగా పూసి, నీడన కొన్ని దినములు మెల్లగా నాననిచ్చుడు. చినిగినచో దానిని తీసి దాచి, మరియొక సీటుతో నడుపుడు.

మార్చవలసినవి, దాచవలసినవి

టైర్లు, ట్యూబులు, బ్రేకు రబ్బర్లు, కాటరు పిన్నులు, ఇవి వాడుకలో నరుగుటకే పుట్టినవి. వీనిని మార్చుటచేత సైకిలు స్వరూపమునకు లోపము లేదు. ముఖ్యముగా బ్రేకు రబ్బర్ల విషయమున లోభము కూడదు. కడ్డీ బ్రేకులు ఇనుప రిమ్మును లోపలివైపునుండి ఒరయునవి. వానలో వాని పట్టు మిక్కిలి తగ్గును. కావున రిమ్ము లోపలి తుప్పును తీసి, రబ్బరు సరిగా నానునట్లు సవరించి, తడిలో మెల్లగా నడుపవలయును.

బిళ్లలు, బెల్లు, దీపము, గాలిపంపు, చైను కవరు, మడ్‌గార్డు, ఇవి సైకిలునకు ముఖము వంటివి. సొట్టపోయినను సరిచేసికొని వాడుడు. ఏ భాగము నైనను మార్చక తప్పనిచో అసలు భాగమునకు నూనె పూసి, సైకిలు పేరు వ్రాసిన సంచిలో నింట నుంచుడు. నేడు పనికిరానిదానిని రేపు మరియొకడు బాగుచేయవచ్చును. ఈ చిన్న యలవాటొక్కటి లేకపోవుటచేతనే మంచి సైకిళ్లు ముక్కలుగా నశించినవి.

క్రొత్త రంగు ఎన్నడును వేయరాదని మా వాదము కాదు. ఇదివఱకే రెండు మూడు సారులు రంగు మారి, అసలుది యేమియు మిగులని సైకిలునకు రంగు వేయించుటలో నష్టము లేదు. దినదినము బరువులు మోయుటకే కావలసిన సైకిలునకు సీటు, క్యారియరు, చక్రములు గట్టివి వేయించుకొనుటయు న్యాయమే. అసలు రంగు సగమైనను నిలిచియున్న సైకిలును గీకించుటకు మాత్రము ముందు ఒక దినమాగి యోచింపుడని మా ప్రార్థన.

నిలువయుంచుట

బాగుచేసిన సైకిలును మట్టినేలపై నిలిపినచో చెమ్మ మరల పైకెక్కును. ఇటుకలమీదనో, కొక్కెమునకో యెత్తియుంచుడు. యెరువుల గదిలో నుంచకుడు. వర్షాకాలమునకు ముందొకసారి, తరువాత నొకసారి నూనె గుడ్డతో తుడిచి, టైర్లకు గాలి కొట్టుడు. గాలిలేని టైరుపై నెలలతరబడి నిలిచిన సైకిలునకు టైరు ప్రక్కలు పగులును. నెలకొకసారియైనను దానిని ఎక్కి తిరుగుటకంటె మంచి సంరక్షణము లేదు.

సంఘములు చేయదగినది

ఈ పనికి గావలసిన పనిముట్లు తక్కువయైనను అందఱి యింట నుండవు. కాటరు పిన్ను నొక్కునది, కోనులకు పలుచని పానాలు, స్పోకు తాళము, ఫ్రీవీలు విప్పునది, ఇవి ఒక్క రైతునకు సంవత్సరమున కొకసారియే పనిబడును. ఒక్కడు కొనుటకు దండుగ. ఊరంతయు గలిసి కొనుటకు లాభము. 1844లో రోచ్‌డేలు పట్టణమున 28 మంది సామాన్యులు గలిసి తెరచిన దుకాణమునకును, 1904 చట్టముతో మన దేశమున వ్యాపించిన సంఘములకును మూలమైన సూత్ర మిదియే గదా! ఒక పెట్టెడు పనిముట్లు సంఘ కార్యాలయమున నుంచి, పుస్తకమున వ్రాసి సభ్యుల కిచ్చుట కష్టము కాదు.

అంతకంటె త్వరపడవలసిన విషయము మరియొకటి. కడ్డీ బ్రేకులను సవరించుటయు, చక్రము వంకరను చెవితోను కంటితోను దీయుటయు తెలిసిన పాత మేస్త్రీలు ప్రతి ప్రాంతమునను తగ్గిపోవుచున్నారు. వారి విద్య పుస్తకములలో లేదు. వారి చేతులలో నున్నది. వేసవి సెలవులలో నాలుగు దినములు వారిని సంఘమునకు పిలిచి, తగిన ప్రతిఫలమిచ్చి, గ్రామ యువకులచేత ఒక పాత సైకిలును వారి యెదుట విప్పించి బిగింపించినచో, సైకిలుతోపాటు విద్యయు నిలుచును.

రైతు సోదరులారా! నాగలి కఱ్ఱ అరిగినంతమాత్రమున మనము నాగలిని పొయ్యిలో పెట్టము. అరిగినచోట నతికి, తక్కినదానిని వాడుకొందుము. సైకిలు విషయమునను ఆ వివేకమే చాలును. ఈ సారి ఇనుము కొనువాని కేక వినవచ్చినపుడు మూలనున్న దానిని వాని చేతికిచ్చుటకు ముందు, ఒక నూనె గుడ్డతో ఆ చైను కవరును తుడిచి చూడుడు. దాని క్రింద ఎవరి పేరున్నదో చదివిన పిమ్మట మీకు తోచినట్లు చేయుడు.